గ్యారీ గైగాక్స్

ఎర్నెస్ట్ గ్యారీ గైగాక్స్ (జూలై 27, 1938 - మార్చి 4, 2008) అమెరికా దేశానికి చెందిన ఆటల రూపకర్త, రచయిత, ప్రచురణకర్త. డేవ్ ఆర్నెసన్‌తో కలిసి ఇతడు రూపొందించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అను ఆట 1974లో వెలువడినది. బల్ల చుట్టూ కూర్చుని ఆడే పాత్రధారణ ఆటలలో (రోల్ ప్లేయింగ్ గేమ్స్) అచ్చయి అమ్మకానికి వచ్చిన మొదటి ఆటగా దీనిని పరిగణిస్తారు. టి.ఎస్.ఆర్. అను ఆటల ప్రచురణ సంస్థ స్థాపకులలో ఇతడు ఒకడు. జెన్ కాన్ అను వార్షిక ఆటల సమ్మేళనాన్ని ప్రారంభించినది కూడా ఇతడే.

ఆట నియమాలను ఆటగాళ్ళతో ఆడించి, వారి అభిప్రాయాలను బట్టి దిద్దే పద్ధతి గైగాక్స్ తొలి రచనలన్నిటిలోనూ కనిపిస్తుంది. సంస్థ పెరిగిన తరువాత ఇతడే నియమాలకు ఒకే అధికారిక రూపం ఉండాలని వాదించాడు. ఆట నియమాలపై చివరి మాట ప్రచురణకర్తదా, ఆడేవారిదా అను ప్రశ్న ఇతని జీవితమంతా వెంటాడినది. ఇతని మరణానంతరం కూడా ఆ ప్రశ్న ఈ రంగంలో పలుమార్లు తలెత్తినది.

ఆట స్వరూపం

పాత్రధారణ ఆటలో నలుగురైదుగురు ఆటగాళ్ళు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ప్రతి ఒక్కరూ ఒక కల్పిత పాత్రను ధరిస్తారు. ఒకరు యోధుడు, మరొకరు మాంత్రికుడు, ఇంకొకరు దొంగ కావచ్చు. వీరిలో ఒకరు మాత్రం పాత్ర ధరించక, మన నాటకాలలోని సూత్రధారి వలె కథను నడుపుతారు. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో ఈ వ్యక్తిని డంజన్ మాస్టర్ అంటారు. ఆటగాళ్ళు తమ పాత్రలు ఏమి చేయదలచుకున్నవో నోటితో చెప్తారు. ఆ పని సఫలమగునా లేదా అనునది పాచికలు, నియమాల పుస్తకం కలిసి తేలుస్తాయి. ఈ ఆటలో నాలుగు ముఖాలు మొదలుకొని ఇరవై ముఖాల వరకు గల పాచికలను వాడతారు. ఆటకు నిర్ణీతమైన ముగింపు ఉండదు; ఒకే కథ సంవత్సరాల తరబడి సాగవచ్చు.

తెలుగువారి ఆటలలో పులిజూదం, అష్టాచెమ్మా, వైకుంఠపాళి వంటివి పుస్తకాలు చూసి నేర్చుకొనేవి కావు. పెద్దలు ఆడుతుండగా పిల్లలు చూసి నేర్చుకుంటారు. అందుచేత ఒక ఊరి పద్ధతికీ మరొక ఊరి పద్ధతికీ తేడాలుంటాయి. ఆడేవారు ఆటకు ముందే ఏ పద్ధతిలో ఆడవలెనో మాట్లాడుకుంటారు. పాత్రధారణ ఆటలలో ఇటువంటి స్థానిక మార్పులను ఇంటి నియమాలు అంటారు. అయితే ఈ ఆటలు పుస్తకరూపంలో అమ్ముడవుతాయి కనుక, నియమం మారినప్పుడల్లా కొత్త పుస్తకం కొనవలసి వస్తుంది. సంవత్సరాల తరబడి పెంచుకున్న పాత్రలు కొత్త నియమాలకు సరిపోకపోవచ్చు. నియమాల మార్పు ఈ ఆటగాళ్ళకు పెద్ద విషయం కావడానికి కారణమిదే.

బాల్యం, తొలి జీవితం

గైగాక్స్ షికాగో నగరంలో జన్మించాడు. తండ్రి ఎర్నెస్ట్ స్విట్జర్లాండ్ నుండి వలస వచ్చినవాడు. షికాగో సింఫనీ వాద్యబృందంలో వయొలిన్ వాయించాడు. తల్లి అమెరికా దేశస్థురాలు. తండ్రి పేరే కొడుక్కూ పెట్టినా, నటుడు గ్యారీ కూపర్ పేరు మీదుగా తల్లి పెట్టిన గ్యారీ అను రెండవ పేరుతోనే ఇతడు ప్రసిద్ధుడయ్యాడు. 1946లో కుటుంబం విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా అను చిన్న పట్టణానికి తరలి వెళ్ళినది. తల్లి తరఫు బంధువులు ఉండే ఊరు అదే. గైగాక్స్ జీవితంలో అధికభాగం ఆ పట్టణంలోనే గడిచినది.

పసితనంలోనే ఇతడు పేకాట, చదరంగం నేర్చుకున్నాడు. తండ్రి చెప్పే అద్భుత కథలు ఇతనిలో ఊహాలోకాలపై ఆసక్తిని రేకెత్తించాయి. రాబర్ట్ ఇ. హోవార్డ్, జాక్ వాన్స్, ఫ్రిట్జ్ లీబర్ మొదలైన రచయితల కథలను విస్తారంగా చదివాడు. బడి చదువు మాత్రం పూర్తి కాలేదు. ఉన్నత పాఠశాల దశలోనే చదువు మానివేశాడు. 1956లో తండ్రి మరణించాడు. కొంతకాలం మెరైన్ సైనికదళంలో చేరినా, అనారోగ్య కారణాలపై తిరిగి వచ్చాడు. 1958లో మేరీ జో పావెల్‌ను వివాహమాడాడు. వీరికి ఐదుగురు సంతానం. కుటుంబ పోషణకై షికాగోలోని ఒక బీమా సంస్థలో ఉద్యోగం చేశాడు. బీమా పత్రాల నష్టభయాన్ని లెక్కగట్టడం ఇతని పని. సంభావ్యత లెక్కలతో ఏర్పడిన ఈ పరిచయం తరువాత పాచికల పట్టికలు తయారు చేయడంలో ఉపయోగపడినది.

యుద్ధక్రీడలు, జెన్ కాన్

1958 చివరిలో గైగాక్స్‌కు అవలాన్ హిల్ సంస్థ ప్రచురించిన గెటిస్‌బర్గ్ అను ఆట పరిచయమైనది. అమెరికా అంతర్యుద్ధంలోని ఒక ప్రసిద్ధ పోరాటాన్ని పటంపై ఆడే యుద్ధక్రీడ అది. ఇటువంటి క్రీడలకు అప్పటికే ఒక చరిత్ర కలదు. 19వ శతాబ్దం మొదటి భాగంలో ప్రష్యా సైన్యాధికారులు శిక్షణ కొరకు యుద్ధక్రీడను వాడారు. ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్స్ 1913లో బొమ్మ సైనికులతో ఆడే ఆటకు నియమాలు రాసి లిటిల్ వార్స్ అను పుస్తకంగా ప్రచురించాడు.

యుద్ధక్రీడల అభిమానులు దేశమంతటా చెదరి ఉండేవారు. ఒక ఊరిలో ఇద్దరు దొరకడం కూడా కష్టం. అందుచేత వారు ఉత్తరాల ద్వారా ఆడుకునేవారు, సైక్లోస్టైల్ పత్రికలు నడుపుకునేవారు. ఒకరు రాసిన నియమాలను మరొకరు ఆడి చూసి, లోపాలను ఉత్తరంలో రాసి పంపేవారు. గైగాక్స్ ఈ పత్రికలలో విరివిగా రాశాడు. అంతర్జాతీయ యుద్ధక్రీడాకారుల సమాఖ్య అను సంఘ స్థాపనలో పాల్గొన్నాడు. 1967లో తన ఇంట్లో ఒక చిన్న సమావేశం జరిపాడు. మరుసటి సంవత్సరం లేక్ జెనీవాలోని హార్టికల్చరల్ హాలును 50 డాలర్లకు అద్దెకు తీసుకొని మొదటి బహిరంగ సమ్మేళనం నిర్వహించాడు. ఊరి పేరులోని జెనీవా నుండి దానికి జెన్ కాన్ అను పేరు వచ్చినది. నాటి నుండి ఈ సమ్మేళనం పెరుగుతూ, 2003 నుండి ఇండియానాపోలిస్ నగరంలో జరుగుతున్నది.

1969 జెన్ కాన్‌లో గైగాక్స్‌కు మిన్నెసోటా రాష్ట్రానికి చెందిన డేవ్ ఆర్నెసన్ అను యువకుడు పరిచయమయ్యాడు. వీరిద్దరూ నౌకాయుద్ధాల పట్ల ఆసక్తి గలవారు. మైక్ కార్ అను మరొకరితో కలిసి వీరు డోంట్ గివ్ అప్ ద షిప్ అను నౌకాయుద్ధ నియమావళిని తయారు చేశారు.

చెయిన్‌మెయిల్

1970లో గైగాక్స్ బీమా ఉద్యోగం పోయినది. కుటుంబం గడవడానికి ఇంట్లోనే చెప్పులు, బూట్లు బాగుచేసే పని చేపట్టాడు. మిగిలిన సమయమంతా ఆటలపై పెట్టాడు. స్థానిక మిత్రులు ఇతని ఇంటి నేలమాళిగలోని ఇసుక బల్ల చుట్టూ చేరి మధ్యయుగపు యుద్ధాలు ఆడేవారు. ఆ బృందంలోని జెఫ్ పెరెన్ రాసిన కొన్ని పుటల నియమాలను గైగాక్స్ విస్తరించాడు. అవి 1971లో చెయిన్‌మెయిల్ పేరుతో గైడన్ గేమ్స్ సంస్థ ద్వారా వెలువడినవి. పుస్తకం చివర గైగాక్స్ ఒక అనుబంధం చేర్చాడు. అందులో వీరులు, మాంత్రికులు, డ్రాగన్లు, అగ్నిగోళం వంటి మంత్రాలు ఉన్నాయి. చారిత్రక యుద్ధాలనే ఆడదలచిన కొందరికి ఈ అనుబంధం నచ్చలేదు. అయినా పుస్తకం బాగా అమ్ముడు కావడానికి ఆ అనుబంధమే ప్రధాన కారణమైనది.

బ్లాక్‌మూర్ నుండి గ్రేహాక్ వరకు

మిన్నెసోటాలోని జంటనగరాలలో డేవ్ వెస్లీ అను క్రీడాకారుడు 1969లో బ్రౌన్‌స్టైన్ అను కొత్త రకపు ఆట ఆడించాడు. అందులో ఆటగాడు సైన్యాన్ని నడపడానికి బదులు ఒక్కొక్క వ్యక్తి పాత్రను ధరించేవాడు. ఆ బృందంలోనివాడైన ఆర్నెసన్ ఈ పద్ధతిని బ్లాక్‌మూర్ అను కల్పిత రాజ్యంలోకి తెచ్చాడు. పాత్రలు కోట కింది నేలమాళిగలలో తిరిగి, రాక్షసులతో పోరాడి, ధనం సంపాదించి, అనుభవం కొద్దీ బలం పుంజుకొనేవి. చెయిన్‌మెయిల్ నియమాలతో మొదలైన ఈ ఆటలో ఆర్నెసన్ అవసరమైనప్పుడల్లా మార్పులు చేస్తూ పోయాడు.

1972 చివరిలో ఆర్నెసన్, అతని మిత్రుడు డేవిడ్ మెగారీ లేక్ జెనీవా వచ్చి గైగాక్స్ బృందానికి ఈ ఆటను ఆడి చూపించారు. గైగాక్స్ వెంటనే దానిలోని విశేషాన్ని గ్రహించాడు. ఆర్నెసన్ వద్దనున్న నియమాలు ఇతరులు చదివి ఆడుకొనగల క్రమంలో లేవు. ఆర్నెసన్ పంపిన రాతల ఆధారంగా గైగాక్స్ టైపుమిషన్ ముందు కూర్చుని ఒక రాతప్రతి సిద్ధం చేశాడు.

ఆ రాతప్రతిని మొదట పరీక్షించినవారు ఇతని సొంత పిల్లలు ఎర్నీ, ఎలీస్. గైగాక్స్ తాను గీసిన గ్రేహాక్ కోట నేలమాళిగలలో వారిని తిప్పాడు. తరువాత స్థానిక మిత్రులైన రాబ్ కుంజ్, టెర్రీ కుంజ్, డాన్ కే చేరారు. కొద్దికాలంలోనే ఆడడానికి వచ్చేవారి సంఖ్య బాగా పెరిగినది. ఒకవైపు లేక్ జెనీవాలో, మరొకవైపు జంటనగరాలలో ఆట సాగుతుండగా, రాతప్రతి నకళ్ళు ఇతర ప్రాంతాల క్రీడాకారులకు కూడా వెళ్ళాయి. వారి ప్రశ్నలు, సూచనలు ఉత్తరాల రూపంలో తిరిగి వచ్చాయి. ఒక నియమం అర్థం కాలేదని ఉత్తరం వస్తే, దానిని రాసిన తీరులో లోపమున్నదని తెలిసేది. సుమారు సంవత్సరకాలం సాగిన ఈ పరీక్షలో నియమాలు రెండు మూడింతలు పెరిగాయి.

ప్రచురణ

ఈ విచిత్రమైన ఆటను అచ్చు వేయడానికి ప్రచురణకర్త దొరకలేదు. 1973 అక్టోబరులో గైగాక్స్, బాల్యమిత్రుడు డాన్ కే కలిసి టాక్టికల్ స్టడీస్ రూల్స్ అను సంస్థను ప్రారంభించారు. డాన్ కే తన జీవితబీమాపై అప్పు తెచ్చి 1,000 డాలర్లు పెట్టుబడి పెట్టాడు. అది చాలకపోవడంతో బ్రయన్ బ్లూమ్ అను మరొక క్రీడాకారుడు 2,000 డాలర్లతో భాగస్వామిగా చేరాడు.

1974 జనవరిలో డంజన్స్ అండ్ డ్రాగన్స్ మొదటి ముద్రణ 1,000 ప్రతులుగా వెలువడినది. ఒక పెట్టెలో మూడు చిన్న పుస్తకాలు, వెల 10 డాలర్లు. గైగాక్స్ ఇంట్లో కుటుంబసభ్యులు, మిత్రులు కలిసి పుస్తకాలను పెట్టెలలో సర్దారు. ఆ ప్రతులు సంవత్సరం తిరగకముందే అమ్ముడయ్యాయి. విద్యార్థులకు 10 డాలర్లు ఎక్కువే కావడంతో, కొన్నవారి వద్ద నుండి అనేకులు నకళ్ళు తీసుకున్నారు. ఆ విధంగా అమ్మిన ప్రతుల సంఖ్య కన్నా ఆడేవారి సంఖ్య ఎన్నో రెట్లు అయినది.

మూడవ పుస్తకం చివరిమాటలో ఒక విశేషం కలదు. నియమాలలో తేలని విషయాన్ని ఆటగాళ్ళు తామే ఊహించి నిర్ణయించుకోవచ్చునని, తాము చేర్చిన కొత్త విషయాలను ప్రచురణకర్తలకు ఉత్తరం ద్వారా తెలపవచ్చునని అందులో ఉన్నది. ఆ ఆహ్వానానికి స్పందన విస్తారంగా వచ్చినది.

ఆటగాళ్ళ నుండి వచ్చిన నియమాలు

మొదటి పెట్టెలో యోధుడు, మాంత్రికుడు, మతగురువు అను మూడు రకాల పాత్రలే ఉన్నాయి. దొంగ పాత్ర కాలిఫోర్నియాలోని శాంటా మోనికాలో ఆడే ఒక బృందం కల్పన. వారు టెలిఫోనులో చెప్పిన విషయం ఆధారంగా గైగాక్స్ ఒక చిత్తుప్రతి తయారుచేసి, 1974లో ఒక చిన్న క్రీడాపత్రికలో ప్రచురించాడు. అది ఇంకా సరిగా పరీక్షించబడలేదని కూడా తెలిపాడు. 1975లో రాబ్ కుంజ్‌తో కలిసి రాసిన గ్రేహాక్ అను అనుబంధ పుస్తకంలో దొంగ పాత్ర ఆటలో శాశ్వతంగా చేరినది.

1975 వసంతకాలంలో సంస్థ ద స్ట్రాటజిక్ రివ్యూ అను పత్రికను ప్రారంభించినది. పాఠకులు పంపిన కల్పనలకు అందులో చోటు దొరికినది. జో ఫిషర్ రాసిన వనసంచారి యోధుడు (రేంజర్), పీటర్ ఆరన్సన్ రాసిన ఇంద్రజాలికుడు, డగ్ ష్వెగ్మన్ రాసిన గాయకవీరుడు (బార్డ్) అను పాత్రలు మొదట ఆ పత్రికలోనే వెలువడినవి. 1978 నాటి ప్రధాన నియమగ్రంథంలో ఈ మూడు పాత్రలూ మార్పులతో చోటు చేసుకున్నాయి. 1976 జూన్ నుండి ఈ పత్రిక స్థానంలో డ్రాగన్ అను పత్రిక వచ్చినది. దానికి టిమ్ కాస్క్ సంపాదకుడు.

సంస్థ పత్రికలతో బాటు ఆటగాళ్ళే నడిపే పత్రికలు కూడా పుట్టుకువచ్చాయి. లాస్ ఏంజెలెస్‌లో లీ గోల్డ్ 1975 జూన్‌లో అలారమ్స్ అండ్ ఎక్స్‌కర్షన్స్ అను పత్రికను ప్రారంభించినది. ప్రతి ఆటగాడు తన పుటలను తానే అచ్చువేసి పంపితే, ఆమె అన్నిటినీ కలిపి కుట్టి తిరిగి అందరికీ పంపేది. నియమాలపై విమర్శలు, ప్రతిపాదనలు, ఇంటి నియమాలు అందులో నెలనెలా వచ్చేవి. గైగాక్స్ దాని రెండవ సంచికకు ఉత్తరం రాశాడు. ఒక్కొక్క బృందం ఒక్కొక్క విధంగా ఆడడం తనకు సమ్మతమేనని అందులో తెలిపాడు.

అధికారిక నియమాల దశ

1975 జనవరిలో డాన్ కే 36 ఏళ్ళ వయసులో గుండెపోటుతో మరణించాడు. సంస్థలో బ్లూమ్ కుటుంబం వాటా పెరిగినది. ఆట అమ్మకాలు కూడా త్వరితంగా పెరిగాయి. నియమాలు మాత్రం పెట్టెలోని పుస్తకాలలో, అనుబంధాలలో, పత్రికలలో చెదరి ఉన్నాయి. ఒక సందేహానికి రెండుచోట్ల రెండు సమాధానాలు దొరికేవి. సమ్మేళనాలలో పోటీలు జరిపినప్పుడు, వేర్వేరు ఊళ్ళ నుండి వచ్చినవారు ఏ నియమంపై ఆడవలెనో తెలియక తగవు పడేవారు. సంస్థకు వచ్చే ఉత్తరాలలో అధికభాగం ఇటువంటి సందేహాలే.

ఈ పరిస్థితిలో గైగాక్స్ నియమాలన్నిటినీ తిరిగి క్రోడీకరించి అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ అను పేరుతో మూడు పెద్ద గ్రంథాలుగా వెలువరించాడు. రాక్షసుల గ్రంథం 1977లో, ఆటగాళ్ళ గ్రంథం 1978లో, డంజన్ మాస్టర్ గ్రంథం 1979లో వచ్చాయి. మూడవ గ్రంథం ఉపోద్ఘాతంలో దేశమంతటా ఆట ఒకే రీతిగా ఉండవలసిన అవసరాన్ని నొక్కి చెప్పాడు. అదే గ్రంథంలో డంజన్ మాస్టర్‌కు తన బల్ల వద్ద తుది నిర్ణయాధికారం కూడా ఇచ్చాడు. ఈ రెండు మాటలలో దేనికి ఎక్కువ విలువ ఇవ్వవలెనో అను చర్చ ఆటగాళ్ళలో చాలాకాలం సాగినది.

1978లో డ్రాగన్ పత్రికలో అతడు ఆటగాళ్ళ పత్రికలను కటువుగా విమర్శించాడు. మూడేళ్ళ క్రితం తాను ఉత్తరం రాసి ప్రోత్సహించిన పత్రిక కూడా ఆ విమర్శకు గురైనది. 1982లో రాసిన మరొక వ్యాసంలో, చదరంగం, పేకాటలతో పోల్చి, ప్రధాన నియమాలను మార్చి ఆడేవారు ఆ ఆటను ఆడుతున్నట్లు కాదని వాదించాడు. ఇందుకు వ్యాపార కారణాలు కూడా లేకపోలేదు. ఇతర సంస్థలు ఈ ఆటకు సంబంధించిన పుస్తకాలు అమ్ముకోవడం, పోటీగా కొత్త ఆటలు రావడం సంస్థకు ఇబ్బందిగా మారినది. ఆర్నెసన్ కూడా 1976లోనే సంస్థను విడిచి వెళ్ళి, తనకు రావలసిన రాయల్టీపై 1979లో దావా వేశాడు. అది 1981లో రాజీతో ముగిసినది. ఆటకు ఇద్దరూ సహరూపకర్తలుగా గుర్తించబడ్డారు.

ప్రఖ్యాతి, ఆరోపణలు

1979 ఆగస్టులో మిచిగన్ రాష్ట్రంలో ఒక విశ్వవిద్యాలయ విద్యార్థి కనబడకుండా పోయాడు. అతనికి ఈ ఆటతో పరిచయముండడంతో, ఆట వలననే ఇది జరిగినదని పత్రికలు రాశాయి. విషయం అది కాదని తరువాత తేలినది. కాని ఈ ఆట యువకులను చెడు మార్గం పట్టిస్తుందని, క్షుద్రవిద్యలను నేర్పుతుందని 1980లలో అమెరికాలో కొన్ని మతవర్గాలు ప్రచారం చేశాయి. గైగాక్స్ టెలివిజన్‌లో కనిపించి ఈ ఆరోపణలను ఖండించాడు. ఈ ప్రచారం మధ్యనే ఆట పేరు ఇంటింటికీ తెలిసినది; అమ్మకాలు పెరిగాయి.

సంస్థ నుండి నిష్క్రమణ

1983లో సంస్థ తరఫున గైగాక్స్ హాలీవుడ్ వెళ్ళాడు. ఆటపై ఆధారపడిన కార్టూన్ ధారావాహిక 1983 నుండి 1985 వరకు అమెరికా టెలివిజన్‌లో ప్రసారమైనది. ఈలోగా లేక్ జెనీవాలో సంస్థ అప్పులలో కూరుకుపోయినది. తిరిగి వచ్చిన గైగాక్స్ 1985లో నిర్వహణ పగ్గాలు చేపట్టాడు. డ్రాగన్ పత్రికలో తాను అంతకుముందు ప్రచురించిన కొత్త పాత్రలు, మంత్రాలను చేర్చి అన్ఎర్త్‌డ్ ఆర్కానా అను గ్రంథాన్ని ఆ సంవత్సరమే విడుదల చేశాడు. ఆ గ్రంథం బాగా అమ్ముడై సంస్థకు ఊపిరి పోసినది.

అయితే బ్లూమ్ సోదరులు తమ వాటాలను లొరైన్ విలియమ్స్‌కు అమ్మివేశారు. 1985 అక్టోబరులో సంస్థపై ఆమెకు ఆధిక్యం లభించినది. గైగాక్స్ అధ్యక్షపదవి కోల్పోయాడు. న్యాయస్థానంలో కూడా ఇతనికి అనుకూలమైన తీర్పు రాలేదు. 1986 చివరిలో సంస్థతో సంబంధం పూర్తిగా తెగిపోయినది. తాను రూపొందించిన గ్రేహాక్ లోకంపై హక్కులు కూడా సంస్థకే మిగిలాయి. నియమాలకు ఒకే అధికారిక రూపం ఉండాలని వాదించిన రచయితకు ఆ రూపాన్ని నిర్ణయించే అధికారం లేకుండా పోయినది.

ఆట రెండవ కూర్పు ఇతని ప్రమేయం లేకుండానే తయారైనది. దానికి ప్రధాన రూపకర్త డేవిడ్ కుక్. ఇతడు 1987 ఫిబ్రవరి డ్రాగన్ సంచికలో ఏ పాత్రలను ఉంచవలెను, ఏ పాత్రలను తొలగించవలెను అను విషయంపై తన ఆలోచనలను బయటపెట్టి పాఠకుల అభిప్రాయం కోరాడు. పాఠకులు పెద్దసంఖ్యలో ఉత్తరాలు రాశారు. 1989లో వచ్చిన రెండవ కూర్పు ఆటగాళ్ళ గ్రంథంలో హంతకుడు, సన్యాసి యోధుడు అను పాత్రలు తొలగించబడ్డాయి.

చివరి సంవత్సరాలు

1987లో గైగాక్స్ గెయిల్ కార్పెంటర్‌ను రెండవ వివాహం చేసుకున్నాడు. వీరికి ఒక కుమారుడు. 1992లో డేంజరస్ జర్నీస్ అను కొత్త ఆటను వెలువరించగా, టి.ఎస్.ఆర్. అతనిపై, ప్రచురణకర్తపై దావా వేసినది. అది రాజీతో ముగిసినా ఆ ఆట ప్రచురణ నిలిచిపోయినది. 1999లో లెజెండరీ అడ్వెంచర్ అను మరొక ఆటను తెచ్చాడు. తొలినాటి గ్రంథాల వలె కాక, తక్కువ నియమాలతో, ఆటగాళ్ళ ఊహకు ఎక్కువ చోటిచ్చే ఆట ఇది.

1997లో విజర్డ్స్ ఆఫ్ ద కోస్ట్ సంస్థ టి.ఎస్.ఆర్.ను కొనుగోలు చేసినది. కొత్త యాజమాన్యం గైగాక్స్‌తో సత్సంబంధాలు ఏర్పరచుకున్నది. డ్రాగన్ పత్రికలో మరల ఇతని రచనలు వెలువడినవి. 2000 సంవత్సరంలో మూడవ కూర్పుతో బాటు, ఇతరులు కూడా ఈ ఆట నియమాలను ఉపయోగించి పుస్తకాలు ప్రచురించుకొనుటకు వీలు కల్పించే బహిరంగ అనుమతిపత్రం (ఓపెన్ గేమ్ లైసెన్స్) వచ్చినది.

2004లో గైగాక్స్‌కు రెండుమార్లు పక్షవాతం వచ్చినది. అనంతరం ఉదర ధమనిలో వాపు ఉన్నట్లు వైద్యులు గుర్తించారు. ఆరోగ్యం క్షీణించినా ఆటగాళ్ళ ప్రశ్నలకు జవాబులు రాయడం, ఇంటికి వచ్చినవారితో ఆడడం మానలేదు. మార్చి 4, 2008న లేక్ జెనీవాలోని స్వగృహంలో 69 ఏళ్ళ వయసులో మరణించాడు. సహరూపకర్త ఆర్నెసన్ 2009 ఏప్రిల్ 7న కన్నుమూశాడు.

మరణానంతరం నియమాల మార్పులు, అభిప్రాయ సేకరణ

గైగాక్స్ మరణించిన నెలలోనే, డ్రాగన్ పత్రికను అంతకుముందు ప్రచురించిన పైజో సంస్థ, పాత్‌ఫైండర్ అను కొత్త ఆట నియమాల చిత్తుప్రతిని అందరికీ ఉచితంగా విడుదల చేసినది. 2008 జూన్‌లో రానున్న నాలుగవ కూర్పు మూడవ కూర్పు కన్నా బాగా భిన్నమైనది. పాత నియమాలనే కొనసాగించదలచిన ఆటగాళ్ళు పైజో చిత్తుప్రతిని ఆడి లోపాలు తెలిపారు. 2009 ఆగస్టులో పాత్‌ఫైండర్ పూర్తి గ్రంథం వెలువడి, కొన్నేళ్ళపాటు డంజన్స్ అండ్ డ్రాగన్స్‌కు గట్టిపోటీ ఇచ్చినది. పాత్‌ఫైండర్ రెండవ కూర్పుకు కూడా 2018 ఆగస్టు నుండి ఇదే విధమైన బహిరంగ పరీక్ష జరిగినది.

ఈ అనుభవం తరువాత విజర్డ్స్ సంస్థ ఐదవ కూర్పు తయారీలో ఆటగాళ్ళ సలహా కోరినది. 2012 మే నెలలో బహిరంగ పరీక్ష మొదలైనది. రెండేళ్ళలో 1,75,000 మందికి పైగా పాల్గొన్నారు. 2014లో వచ్చిన ఆ కూర్పు మంచి ఆదరణ పొందినది. 2015 నుండి కొత్త నియమాల చిత్తుప్రతులను ఆటగాళ్ళ ముందుంచుటకు సంస్థ వాడుతున్న శీర్షిక అన్ఎర్త్‌డ్ ఆర్కానా. గైగాక్స్ 1985 నాటి గ్రంథం పేరే అది.

2022 ఆగస్టులో ఐదవ కూర్పు సవరణకై మరల పరీక్ష ప్రారంభమైనది. ప్రతి విడత చిత్తుప్రతి తరువాత ప్రశ్నావళి ద్వారా ఒక్కొక్క నియమం ఎంత నచ్చినదో అడిగేవారు. ఆటగాళ్ళ పాత్రలే తప్ప రాక్షసులు గట్టి దెబ్బ కొట్టలేవను నియమం మొదటి విడతలో కనిపించి, తరువాత ఉపసంహరించబడినది. జంతురూపం ధరించే డ్రూయిడ్ పాత్రకు అన్ని జంతువులకూ ఒకే అంకెల పట్టిక వాడవలెనను ప్రతిపాదనను కూడా ఆటగాళ్ళు తిరస్కరించారు. 2024లో వచ్చిన గ్రంథంలో పాత పద్ధతే నిలిచినది.

ఈ మధ్యకాలంలోనే, 2023 జనవరిలో, 2000 నాటి బహిరంగ అనుమతిపత్రాన్ని రద్దుచేసి కఠినమైన కొత్త పత్రం తేవాలని సంస్థ ఆలోచిస్తున్నట్లు బయటకు పొక్కినది. ఆటగాళ్ళు, చిన్న ప్రచురణకర్తలు తీవ్రంగా వ్యతిరేకించారు. సంస్థ సవరించిన ముసాయిదాపై ప్రశ్నావళి జరుపగా 15,000కు పైగా సమాధానాలు వచ్చాయి. పాత అనుమతిపత్రం రద్దు పట్ల 89 శాతం మంది అసంతృప్తి తెలిపారు. ప్రశ్నావళి గడువు ముగియకముందే, జనవరి 27న, సంస్థ తన ప్రయత్నాన్ని విరమించుకొని, ఐదవ కూర్పు మూల నియమాలను క్రియేటివ్ కామన్స్ అనుమతి కింద విడుదల చేసినది. ఆ అనుమతిని వెనుకకు తీసుకొనుటకు వీలులేదు.

అభిప్రాయ సేకరణకు పరిమితులు కూడా కలవు. ప్రశ్నావళికి జవాబిచ్చేవారు ఎక్కువగా ఆటపై తీవ్రమైన ఆసక్తి గలవారు. అప్పుడప్పుడు ఆడేవారి మాట అందులో తక్కువగా వినిపిస్తుంది. చదివి ఇచ్చిన అభిప్రాయం, ఆడి ఇచ్చిన అభిప్రాయం ఒకటి కావు. అలవాటైన నియమం మారడం మొదట ఎవరికీ నచ్చదు కనుక, మంచి మార్పు కూడా ఆగిపోవచ్చు. ఉత్తరాలు చదివిన గైగాక్స్‌కు ఏది స్వీకరించవలెనో ఎంచుకొనే స్వేచ్ఛ ఉండేది. వేలకొద్దీ జవాబులను శాతాలుగా మార్చి చూసే నేటి రూపకర్తలకు ఆ ఎంపిక మరింత కష్టమైనది.

ప్రభావం

కంప్యూటరు ఆటలలో పాత్రకు స్థాయిలు పెరగడం, అనుభవాంకాలు సంపాదించడం, దెబ్బలకు తట్టుకొనే బలాన్ని అంకెలలో చూపడం వంటివి గైగాక్స్, ఆర్నెసన్‌ల ఆట ద్వారానే విస్తృత ప్రచారంలోకి వచ్చాయి. ఇతని స్మారకార్థం 2009 నుండి లేక్ జెనీవా ప్రాంతంలో గ్యారీ కాన్ అను ఆటల సమ్మేళనం జరుగుతున్నది. ఆటగాళ్ళ గ్రంథంలోని దొంగ, వనసంచారి, గాయకవీరుడు పాత్రలు 2024 కూర్పులో కూడా ఉన్నాయి. మూడింటికీ మూలం 1970లలో ఆటగాళ్ళు గైగాక్స్‌కు, అతని పత్రికకు పంపిన కల్పనలే.